ఏటి నీటికి ఒకే వేడి ఉండదు



ఎండాకాలంలో మా క్యాజువాల్టీకి ఏటి దగ్గరి నుంచి నేరుగా వచ్చేవారు కొందరుంటారు. ఇసుకలో నడిచి అరికాళ్ళు బొబ్బలెక్కినవారు, మడుగు నీళ్ళు తాగి విరేచనాలు పట్టుకున్న పిల్లలు, ఈతకు దిగి మునిగినవారు. ఈ చివరివారిలో కొందరు మా చేతికందేసరికే ఆలస్యమైపోయి ఉంటుంది. జబ్బులు వేరువేరైనా, వీటన్నిటి వెనుకా మనం పెద్దగా లెక్కచేయని విషయం ఒకటుంది. అది నీటి వేడి. ఒకే ఏరు, ఒకే రోజు, ఒడ్డున ఒక వేడిలో, లోతున ఇంకొక వేడిలో, పొద్దున ఒక తీరుగా, సాయంత్రం ఇంకొక తీరుగా ఉంటుంది. తుంగభద్ర, కృష్ణ, పెన్న, కుందూ ఒడ్డులలో బతికే మనకు ఇది తెలిసి ఉండాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ముందుగా మన చేయి చెప్పే అబద్ధం గురించి. పుష్య మాసంలో వేకువన ఏట్లో కాలు పెట్టినవారు "నీళ్ళు వెచ్చగా ఉన్నాయి సిస్టర్, పొగలు కూడా వస్తున్నాయి" అంటారు. అదే ఏట్లో మే నెల మధ్యాహ్నం దిగినవారు "అబ్బ, ఎంత చల్లగా ఉన్నాయో" అంటారు. థర్మామీటరు పెట్టి చూస్తే జనవరి నీళ్ళే చల్లన, మే నీళ్ళే వేడి. జనవరి వేకువన గాలి 17, 18 డిగ్రీలకు దిగినప్పుడు నీరు ఇంకా 22, 23 దగ్గర ఆగి ఉంటే వెచ్చగా తోస్తుంది. మే నెలలో గాలి 42 ఉన్నప్పుడు 31 డిగ్రీల నీరు చల్లగా తోస్తుంది. మన చర్మానికి తేడా తెలుస్తుందే గాని డిగ్రీలు తెలియవు.

కావాలంటే ఇంట్లో మూడు గిన్నెలు పెట్టుకుని చూడండి. ఒకదానిలో కూజా నీళ్ళు, ఒకదానిలో స్నానానికి కాచిన గోరువెచ్చని నీళ్ళు, మధ్యదానిలో మామూలు నీళ్ళు. ఒక చేయి చల్లనీళ్ళలో, ఇంకొక చేయి వేడినీళ్ళలో రెండు నిమిషాలు ఉంచి, రెండూ కలిపి మధ్య గిన్నెలో పెట్టండి. అవే నీళ్ళు ఒక చేతికి వెచ్చగా, ఇంకొక చేతికి చల్లగా ఉంటాయి. మా నర్సింగ్ విద్యార్థినులకు మొదటి నెలలోనే ఇది చేసి చూపిస్తాము, పసిబిడ్డకు నీళ్ళు పోసేవారు అరచేతిని నమ్మకూడదని. (ఒక మాట. జ్వరం చూసే థర్మామీటరును ఏటికి తీసుకుపోకండి. దానిలో గీతలు 35 నుంచి 42 వరకే ఉంటాయి, నదిని కొలవడానికి పనికిరాదు.)

ఇసుక కాలుతుంది, నీరు కాలదు

నీరు చాలా నిదానంగా వేడెక్కుతుంది, చాలా నిదానంగా చల్లారుతుంది. ఒక కిలో పొడి ఇసుకను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఎంత వేడి కావాలో, ఒక కిలో నీటిని ఒక డిగ్రీ పెంచడానికి దానికి సుమారు ఐదు రెట్లు కావాలి. పైగా ఎండ ఇసుక పైపొరను మాత్రమే కాలుస్తుంది, నీటిలోనైతే లోపలికి దిగి పంచుకుపోతుంది. అందుచేత కర్నూలు దగ్గర తుంగభద్ర ఇసుక మే నెల మిట్టమధ్యాహ్నం 50 డిగ్రీలు దాటి కాలుతుంటే, నాలుగు అడుగుల అవతల పారే ధార హాయిగా ఉంటుంది.

ఆ నాలుగు అడుగులే షుగరు ఉన్నవారికి ప్రమాదం. చాలా ఏండ్లుగా షుగరు ఉన్నవారికి అరికాళ్ళలో స్పర్శ తగ్గిపోతుంది. మామూలు మనిషి ఇసుకలో కాలు పెట్టగానే "అమ్మో" అని ఎగిరి దూకుతాడు. షుగరు ఉన్న పెద్దాయన చెప్పులు గట్టున విడిచి, మెల్లగా నడిచి, స్నానం చేసి, అదే ఇసుక మీద తిరిగి వస్తాడు. ఆయనకు నొప్పి తెలియదు. రెండు రోజులకు మేజోడు తడిసిందని, దుప్పటికి చీము అంటిందని ఇంట్లోవాళ్ళు చూస్తారు. మా డ్రెస్సింగ్ గదిలో ఇటువంటి కాళ్ళకు వారాలు, నెలలు కట్లు కట్టవలసి వస్తుంది. కొందరికి వేలు తీసివేయవలసి వస్తుంది. కాబట్టి షుగరు ఉన్నవారు నీటి అంచు దాకా చెప్పులతోనే వెళ్ళాలి. గుడి దగ్గరైనా, దర్గా దగ్గరైనా, ఆరాధన కూడిక దగ్గరైనా సరే, వేడి బండ మీద, ఇసుక మీద కనీసం మందపాటి మేజోళ్ళు ఉండాలి. ఇంటికి వచ్చాక అద్దం కింద పెట్టి అరికాలు చూసుకోవాలి.

ఎవరికి కాలినా, షుగరు ఉన్నా లేకపోయినా, మొదటి మందు మామూలు చల్లని నీళ్ళే. శుభ్రమైన నీళ్ళు 20 నిమిషాలు పారబోయండి. ఐసు పెట్టవద్దు. టూత్‌పేస్టు, ఇంకు, పసుపు, నూనె ఏవీ పూయవద్దు. వాటిని కడిగి పుండు చూడటానికే మాకు సగం సమయం పోతుంది, రోగికి అది రెండో నరకం.

కడవ చేసే పనే ఏరు చేస్తుంది

గాలి 43 డిగ్రీలు కాగుతుంటే ఏటి నీరు కూడా 43 ఎందుకు కాదు? మన ఇళ్ళలో మట్టి కడవ దీనికి జవాబు చెబుతుంది. కడవ గోడ చెమర్చి, ఆ తేమ ఆవిరైపోతూ లోపలి నీటి నుంచి వేడిని లాక్కుపోతుంది. ఏటి పైభాగం కూడా అట్లాగే రాత్రింబగళ్ళు ఆవిరవుతూ ఉంటుంది. గాలి ఎంత పొడిగా ఉంటే ఈ చల్లదనం అంత ఎక్కువ. రాయలసీమ గాలి పొడి గాలి, కాబట్టి కడవా బాగా పనిచేస్తుంది, ఏరూ బాగా పనిచేస్తుంది. బెజవాడ వైపు నుంచి వచ్చిన మా సిస్టరొకరు మొదటి వేసవిలో ఇక్కడి కడవ నీళ్ళు తాగి, "ఇది ఫ్రిజ్జులో పెట్టారా?" అని అడిగారు. అక్కడి చెమట గాలిలో కడవ ఇంతగా చల్లబడదు.

మన ఒంటి చెమట కూడా ఇదే పని చేస్తుంది. అందుకే వడదెబ్బ తగిలినవారికి మేము ఒళ్ళంతా నీళ్ళతో తడిపి గట్టిగా ఫ్యాను వేస్తాము. దగ్గరలో ఏరో కాలువో ఉందని తెలివి తప్పిన మనిషిని తీసుకుపోయి నీళ్ళలో వదలకండి. మునిగిపోతాడు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, బిందెలతో నీళ్ళు పోసి, తడిగుడ్డతో విసురుతూ 108కు ఫోను చేయండి. తెలివిలో లేనివారి నోట్లో నీళ్ళు పోయకూడదు.

ఇసుకలో తవ్వుకునే చెలమ సంగతి వేరు. అది ఎండకు, గాలికి అందని నీరు. నేల లోపలి నీరు ఏడాది పొడవునా దాదాపు ఆ ప్రాంతపు సగటు వేడిలోనే, మన దగ్గర 28 డిగ్రీల చుట్టూ, నిలబడి ఉంటుంది. బోరు నీళ్ళు చలికాలంలో వెచ్చగా, వేసవిలో చల్లగా అనిపించేది ఇందుకే. పెన్న ఒడ్డు ఊళ్ళవారు చెలమ నీళ్ళను మెచ్చుకోవడంలో న్యాయముంది, ఇసుక కొంత వడపోస్తుంది కూడా. అయితే చెలమ చుట్టూ పశువులు తిరిగితే, పక్కనే జనం కాలకృత్యాలకు కూర్చుంటే, ఇసుక ఎంతని వడపోస్తుంది? చల్లగా ఉండటం శుభ్రంగా ఉన్నట్టు కాదు. తాగేముందు కాచండి.

మన దగ్గర చినుకు లేకుండా వచ్చే నీళ్ళు

మన నదులు మన వానలతో మాత్రమే పారేవి కావు. తుంగ, భద్ర పడమటి కనుమలలో పుట్టి షిమోగా దగ్గర కూడలిలో కలుస్తాయి. కృష్ణ మహాబలేశ్వరం నుంచి వస్తుంది. జూలై, ఆగస్టులలో కర్నూలులో మబ్బు కూడా లేకుండా ఎండ కాస్తుంటే, ఎక్కడో కనుమలలో మబ్బు నీడన పడిన వాన ఎర్రటి నీళ్ళై వచ్చి మన ఇసుకను కప్పేస్తుంది. అంతకు ముందు రోజు దాకా గోరువెచ్చగా ఉన్న పాయలు ఒక్క రాత్రిలో చల్లబడతాయి. లోతు పెరిగి, ప్రవాహం పెరిగి, నీరు కలిసిపోవడం వల్ల పగటికీ రాత్రికీ తేడా కూడా తగ్గిపోతుంది. వేసవిలో మోకాలి లోతు పాయ తెల్లవారుజామున బాగా చల్లారి, సాయంత్రం మూడు, నాలుగు గంటల వేళ బాగా వెచ్చబడుతుంది. నిండు ఏరు రోజంతా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. పెన్న కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టి వాన తక్కువ పడే నేల మీదుగా వస్తుంది కాబట్టి దానికి ఈ పండుగ ఆలస్యంగా వస్తుంది, ఒక్కొక్క ఏడు రానే రాదు.

ఆ మొదటి నీళ్ళను చూసి సంతోషించని రాయలసీమ మనిషి ఉండడు. మేమూ వంతెన మీదికి పోయి చూసివచ్చినవాళ్ళమే. కానీ ఆ నీళ్ళు ఏడాది పొడవునా ఒడ్డున పేరుకున్న మలినాన్నంతటినీ కడుక్కుని వస్తాయి. వేసవి వెచ్చదనంలో మడుగులలో పెరిగిన సూక్ష్మజీవులూ అందులోనే కలుస్తాయి. కలరా క్రిమికి 20 డిగ్రీలు దాటిన నీరు ఇష్టం. మన నదులలో అంతకంటే తక్కువ వేడి ఉండే రోజులు చాలా తక్కువ. కాబట్టి కొత్త నీరు వచ్చిన వారం రోజుల్లోపే మా పిల్లల వార్డులో సెలైన్ స్టాండ్లు చాలకుండా పోతాయి.

ఇక్కడ క్లోరిన్ గురించి ఒక మాట చెప్పాలి. చాలామంది, "పొద్దున ట్యాంకులో మందు వేశారు కదా, సాయంత్రం దాకా భయం లేదు" అనుకుంటారు. వెచ్చని నీటిలో క్లోరిన్ క్రిములను వేగంగా చంపుతుంది, నిజమే, కానీ తాను కూడా వేగంగా హరించుకుపోతుంది. మిద్దె మీద ఎండలో కాగిన ట్యాంకులో పొద్దుటి క్లోరిన్ సాయంత్రానికి మిగలకపోవచ్చు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలని మన దేశపు ప్రమాణం. బురద నీటిలో క్లోరిన్ వేసినా సరిగా పనిచేయదు. ముందు పటిక తిప్పి తేర్చి, గుడ్డతో వడగట్టి, ఆ తరువాత క్లోరిన్ బిళ్ళ వేయాలి, లేదా తెర్లేలా కాచాలి. విరేచనాలు మొదలైతే ఓ.ఆర్.ఎస్. పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, మొదటి విరేచనం నుంచే పట్టించండి. కళ్ళు గుంటలు పడితే, బిడ్డ మూత్రం పోయకపోతే, ఇంట్లో ఉంచుకోవద్దు.

ధార ఆగిన మడుగులు

ఫిబ్రవరి దాటితే చాలాచోట్ల ఏరు ఏరుగా ఉండదు, మడుగులుగా మిగులుతుంది. పారే నీటికీ నిలిచిన నీటికీ చాలా తేడా. నీరు వెచ్చబడే కొద్దీ అందులో ప్రాణవాయువు తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఇమిడితే, 30 దగ్గర ఏడున్నర మాత్రమే ఇముడుతుంది. పాచి, చెత్త ఎక్కువైన మడుగులో రాత్రంతా అది కూడా ఖర్చయిపోయి తెల్లారేసరికి చేపలు తేలుతాయి. తేరగా దొరికాయని ఆ చేపలు వండుకోవద్దు. అవి ఊపిరాడకనే చచ్చాయో, ఎవరైనా మందు కలిపితే చచ్చాయో మనకు తెలియదు.

పచ్చరంగు పెయింటు ఒలికినట్టు పైన తెట్టు కట్టిన నీళ్ళను మనుషులూ తాగకూడదు, గొర్రెలకూ తాగించకూడదు. ఆ తెట్టులో కొన్ని రకాలు విషాన్ని వదులుతాయి. కాచినా ఆ విషం పోదు. మిగతా నీళ్ళకు మేము "కాచండి, కాచండి" అని చెప్పేది దీనికి వర్తించదు.

ఇట్లాంటి వెచ్చని నిలవ నీటిలోనే అమీబా ఒకటి బతుకుతుంది. కేరళలో 2024, 2025 సంవత్సరాలలో దాని వల్ల వచ్చిన మెదడు జ్వరం గురించి పత్రికలలో చదివి చాలామంది మమ్మల్ని అడిగారు. భయపడి ఈత మానవలసినంత తరచుగా వచ్చే జబ్బు కాదు. తాగితే రాదు, ఒకరి నుంచి ఒకరికి అంటదు. నీరు ముక్కులోకి బలంగా పోయినప్పుడే అది మెదడుకు చేరుతుంది, చేరితే మాత్రం బతకడం కష్టం. అందుకని వేసవి మడుగులలో పిల్లలు ముక్కు మూసుకోకుండా దూకడం, అడుగు బురద కెలకడం మాన్పించండి. అట్లా ఈదిన కొద్ది రోజులకు తీవ్రమైన తలనొప్పి, జ్వరం, వాంతులు, మెడ బిగుసుకోవడం కనబడితే, "ఫలానా మడుగులో ఈదాడు" అని డాక్టరుగారికి మీరే ముందుగా చెప్పండి. మేము అడిగేదాకా ఆగవద్దు.

దోమ సంగతి అందరికీ తెలిసిందే. ఏటి పాయ ఆగి గుంటలు మిగిలితే మలేరియా దోమ అక్కడే గుడ్లు పెడుతుంది. చలికాలంలో గుడ్డు దోమ కావడానికి రెండు మూడు వారాలు పడితే, వెచ్చని నీటిలో 7 నుంచి 10 రోజులు చాలు. ఇంట్లో తొట్లు వారానికొకసారి ఆరబెట్టమని చెప్పే లెక్క దీని నుంచి వచ్చిందే.

పైన వెచ్చన, కింద చల్లన

ఇప్పుడు మేము ముఖ్యంగా చెప్పదలచినది. పారే కాలువలో నీరు పైకీ కిందికీ కలుస్తూ పోతుంది. కే.సి. కెనాల్‌లో పైన ఎంత వేడో అడుగున దాదాపు అంతే. అక్కడ ప్రమాదం వేగం, జారే గట్టు. కానీ జలాశయంలో నీరు నిలబడుతుంది. వేడి నీరు తేలిక, చల్లని నీరు బరువు. వేసవి ఎండకు పైపొర వెచ్చబడి పైనే తేలుతుంది, కింది నీరు చలికాలపు చల్లదనాన్ని పట్టుకుని అడుగునే ఉండిపోతుంది. రెండింటికీ మధ్య నాలుగైదు డిగ్రీలు, కొన్నిచోట్ల అంతకు మించి తేడా ఉండవచ్చు. చలికాలంలో పైపొర చల్లారి బరువెక్కి కిందికి దిగినప్పుడు మళ్ళీ రెండూ కలుస్తాయి.

మన ప్రాంతంలో ఇటువంటి లోతు నీళ్ళు ఇప్పుడు చాలా ఉన్నాయి. శ్రీశైలం జలాశయం నిండుమట్టం 885 అడుగులు. దాని వెనుక నీరు కృష్ణా, తుంగభద్రలు కలిసే సంగమేశ్వరం దాటి నిలబడుతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు నీటి అడుగున ఉండే అక్కడి ఆలయం వేసవిలో నీరు తగ్గినప్పుడు బయటపడుతుంది. ఒక గుడి మొత్తం మునిగేంత లోతు అంటే ఎంతో ఊహించుకోండి. ఇక వెలుగోడు, గోరుకల్లు, అవుకు, గండికోట, మైలవరం, బ్రహ్మంసాగర్. మన తాతల కాలంలో పిల్లలు ఈత నేర్చుకున్నది పారే ఏట్లో, దిగుడు బావుల్లో. ఇప్పటి పిల్లలు సెలవు రోజున మోటారు సైకిళ్ళ మీద పోయి దిగుతున్నది ఈ జలాశయాలలో.

ఒడ్డున నడుము లోతు వరకు నీరు వెచ్చగా, తేటగా, కదలకుండా ఉంటుంది. అది చూసి ధైర్యం వస్తుంది. ఎండలో గంటసేపు తిరిగి ఒళ్ళు కాగిన కుర్రవాడు బండ మీది నుంచి ఒక్కసారి దూకుతాడు. రెండు నిలువుల లోతుకు పోగానే చల్లని పొర తగులుతుంది. మనవి మంచునీళ్ళు కావు. అయినా 25 డిగ్రీల కంటే తక్కువ నీరు వేడి ఒంటికి ఒక్కసారిగా తగిలితే, మనిషి తనకు తెలియకుండానే గట్టిగా గాలి పీలుస్తాడు. నీరు ఎంత చల్లనైతే ఈ ఉలికిపాటు అంత బలంగా ఉంటుంది. తల బయట ఉండగా అట్లా పీలిస్తే ఏమీ కాదు. తల నీళ్ళలో ఉండగా పీలిస్తే గాలికి బదులు నీరు పోతుంది. ఈత బాగా వచ్చినవారు కూడా మునగడానికి ఇది ఒక కారణం. ఆ సమయంలో గుండె వేగం, రక్తపోటు కూడా ఒక్కసారి పెరుగుతాయి. మద్యం తాగి దిగినవారికి, మూర్ఛ జబ్బు ఉన్నవారికి, గుండె జబ్బు ఉన్నవారికి ఇది మరీ చేటు.

"ఏట్లో ఏదో కాలు పట్టి లాగింది" అని బతికి బయటపడినవారు కొందరు చెబుతారు. మేము వారిని ఎగతాళి చేయము. హఠాత్తుగా కాళ్ళకు చల్లదనం తగిలి, ఊపిరి బిగపట్టి, కండరం మాట వినకపోతే మనిషికి అట్లాగే అనిపిస్తుంది. లాగింది మాత్రం దయ్యం కాదు.

దిగవలసి వస్తే నడిచి దిగండి. ముందు ముఖం, ఛాతీ, మెడ తడుపుకుని, ఊపిరి నిదానించాక నడుము దాకా పోండి. ఒంటరిగా వద్దు. మునుగుతున్నవారిని కాపాడటానికి ఈత రానివారు దూకితే మా దగ్గరికి ఇద్దరు వస్తారు. చీర, పంచె, తాడు, వెదురు, మూత బిగించిన ఖాళీ క్యాను, ఏది దొరికితే అది విసరండి.

బయటికి తీసినవారిని తలకిందులుగా వేలాడదీయవద్దు, కడుపు నొక్కవద్దు. అట్లా చేసి మొదటి విలువైన నిమిషాలు పోగొడుతున్నారు. వెల్లకిలా పడుకోబెట్టి, ఊపిరి లేకపోతే గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి ఐదుసార్లు గాలి ఊదండి. తరువాత ఛాతీ మధ్య 30 సార్లు గట్టిగా నొక్కడం, 2 సార్లు ఊదడం, 108 వచ్చేదాకా ఆపకుండా. తెలివి వచ్చి కూర్చున్నా సరే ఆసుపత్రికి తీసుకురండి. ఊపిరితిత్తులలోకి పోయిన కొద్ది నీరు కొన్ని గంటల తరువాత ఆయాసం తేవచ్చు. తడిబట్టలు తీసి పొడిగుడ్డ చుట్టండి, మండు వేసవైనా సరే.

"మండు వేసవిలో చలి ఏమిటి" అని నవ్వుతారు కొందరు. మన ఒంటి వేడి 37. అంతకంటే తక్కువ వేడి ఉన్న నీరు ఏదైనా మన వేడిని లాక్కుంటూనే ఉంటుంది, గాలి కంటే 25 రెట్లు వేగంగా. 2009 అక్టోబరు 2న శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చి, తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు, మిద్దెల మీదికెక్కి తడిబట్టలతో రాత్రి గడిపినవారెందరో మన పాఠకులలోనే ఉన్నారు. అటువంటి వేళ వణుకుతున్న ముసలివారిని, పసిబిడ్డలను ముందు పొడిగా చేయాలి. తల్లి ఛాతీకి బిడ్డను ఆనించి ఇద్దరికీ కలిపి ఒకే దుప్పటి కప్పాలి. ముసలివారు వణకడం ఆగి మగతగా పడి ఉంటే అది తగ్గినట్టు కాదు, ముదిరినట్టు.

వేసవిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం ఇంకొకటి ఇంట్లోనే ఉంటుంది. మిద్దె మీది నల్ల ట్యాంకు, ఎండలో పరచిన పైపు. మధ్యాహ్నం కుళాయి తిప్పగానే మొదట వచ్చే నీరు చేయి పెట్టలేనంత కాగి ఉంటుంది. బిడ్డను కుళాయి కింద కూర్చోబెట్టి తిప్పకండి. ముందు బకెట్లోకి పట్టి, మోచేతితో చూసి, తరువాత పోయండి. అప్పుడే పుట్టిన బిడ్డకైతే మొదటి 24 గంటలు స్నానమే వద్దు.

నదిలో బాప్తిస్మాలు ఇచ్చే సంఘాలవారికి ఒక మనవి

డిసెంబరు, జనవరిలలో తెల్లవారుజామున బాప్తిస్మాలు పెట్టుకోవడం కొన్ని ఊళ్ళలో వాడుక. పుష్కర స్నానాలకు పోయే మన ఇరుగుపొరుగువారికీ ఇదే వర్తిస్తుంది. తుంగభద్ర పుష్కరాలు 2008లో డిసెంబరులోనూ, 2020లో నవంబరు, డిసెంబరులలోనూ వచ్చాయి, అంటే చలి వేళలోనే. ఏరు రోజంతటిలో ఎక్కువ చల్లగా ఉండేది సూర్యోదయం వేళ. అదే నీరు మధ్యాహ్నం మూడు గంటలకు రెండు మూడు డిగ్రీలు వెచ్చగా ఉంటుంది, గాలి ఇంకా వెచ్చగా ఉంటుంది. వేళ మార్చుకోగలిగితే మార్చుకోండి. బి.పి., గుండె జబ్బు ఉన్న పెద్దలను, మూర్ఛ ఉన్నవారిని, నిండు గర్భిణీలను ముందుగా పెద్దలకు చెప్పమనండి. వారి వంతు మొదట పెట్టి, ఇద్దరు పట్టుకుని దింపి, ఇద్దరు పట్టుకుని ఎక్కించాలి. మాత్రలు ఉపవాసమని మానవద్దు. అడుగు ఎట్లా ఉందో ముందురోజే కర్రతో చూడాలి, ఇసుక తవ్విన గుంటలు పైకి కనబడవు.

ఒక్కొక్కరు నీళ్ళలో ఉండేది ఒక్క నిమిషమే. అందరికీ ఇచ్చేదాకా గంట, గంటన్నర నడుము లోతులో నిలబడేది పాస్టరుగారు. ఆయన పెదవులు నీలిరంగు తిరగడం, మాట తడబడటం ఒడ్డున పాటలు పాడుకునేవారికి కనబడదు. అరగంటకొకసారి ఆయనను బయటికి రమ్మనండి. ఒక ఫ్లాస్కులో వేడి టీ, ఒక తువ్వాలు, పొడి బట్టలు ఆయన కోసం కూడా ఒడ్డున సిద్ధంగా ఉంచండి.